గుర్రం రంగుకి ఆధారం

ఈ ఉదయం తరగతి ట్యాబ్ తుడుస్తుంటే ఎవరి చేతిరుమాలు నుంచో నీలగిరి తైలం వాసన వచ్చింది. సుగుణ మేడమ్ గుర్తొచ్చారు. ఏడాది పొడవునా జలుబుతో ఉండే ఆవిడ ధవళేశ్వరం దగ్గరి మా హైస్కూల్లో ముప్పయ్యేళ్లు చరిత్ర చెప్పారు. నేను సోషల్ మాస్టారుగా చేరింది ఆవిడ చివరి ఏడాదిలో.

అప్పుడు నేనొక పాఠం తయారుచేశాను. ట్యాబ్ కెమెరాను ఆటస్థలం వైపు తిప్పితే, తెర మీద ఆ నేలపైనే గోదావరి పారేది, ఆనకట్ట లేచేది, గట్టున గుర్రం మీద దాన్ని కట్టించిన దొర కనిపించేవాడు. తొలిసారి చూపించగానే తొమ్మిదో తరగతి పిల్లలు చెప్పులు విడిచి దండం పెట్టారు. మా వైపు ఆ దొర విగ్రహానికి దండలు వేస్తారు మరి. నేను పొంగిపోయాను. మర్నాడు విద్యాశాఖ అధికారి వస్తున్నారు. ఆయనకు నచ్చితే నా పాఠం జిల్లాలోని బడులన్నిటికీ వెళుతుంది.

వెనక నిలబడి చూసిన మేడమ్ ముక్కు తుడుచుకుని, "బానే ఉందండీ మాస్టారూ. రాళ్లు ఎవరు మోస్తున్నారు? వాటికవే నడిచొచ్చేస్తున్నాయా ఏంటి?" అన్నారు.

"కూలీల బొమ్మలు దొరకలేదండి. ఆధారం లేకుండా ఎలా పెడతాం?"

"గుర్రం రంగుకి దొరికిందాండీ?"

తెల్లగా ఉంటే అందంగా ఉంటుందని నేనే వేశాను.

బడి వదిలాక ఇద్దరం కూర్చుని రాళ్లు మోసే ఆడవాళ్లనూ మగవాళ్లనూ చేర్చాం. తెలియనిది పెట్టిన ప్రతిచోటా 'ఇది మా ఊహ' అని రాయించారావిడ. చూస్తే సగం పాఠం ఊహే. "రేపు నవ్వుతారేమోనండి" అన్నాను. "నవ్వనివ్వండి. దొర మీద నాకేం కోపం లేదు, ఆయన తెచ్చిన నీళ్లతో పండిన అన్నమే నేనూ తిన్నాను. కానీ తెలియనిది తెలిసినట్టు చూపించి పిల్లలచేత దండం పెట్టిస్తే, మనం చెప్పేది చరిత్ర కాదండి, పురాణం."

మర్నాడు అధికారి నుదురు ముడిచారు. "ఇన్ని ఊహలైతే ఇక చరిత్రేముంది మాస్టారూ?" నేను మేడమ్ వైపు చూశాను. ఆవిడ రుమాలు మడతపెట్టుకుంటున్నారు. ఈలోగా ముందు వరుసలోంచి ఒక అమ్మాయి లేచింది. "సార్, రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఎవరూ ఎందుకు రాయలేదండి?"

ఆయన వాచీ చూసుకుని లేచి వెళ్లిపోయారు. పాఠం జిల్లాకు వెళ్లలేదు. నా మొహం చూసి మేడమ్ మెల్లగా అన్నారు: "అడిగిన పిల్లని చూశారా? నిన్న అందరికంటే ముందు చెప్పులు విడిచింది ఆ అమ్మాయేనండి."

మేడమ్ ఇప్పుడు లేరు. ఆ గుర్రాన్ని నేను తెల్లగానే ఉంచాను, కింద ఆవిడ రాయించిన మాటతో సహా. ఈ ఉదయం దాన్ని చూసిన కొత్త పిల్లలెవరూ చెప్పులు విడవలేదు. నలుగురైదుగురు చేతులెత్తారు, అడగడానికి.