ట్యాబుల మీద పేర్లు

మా బావ వేదవ్యాస్‌కి కోపం రాదు. ఆయనకు రావలసిన కోపం కూడా నాకే వస్తుంది. భవానీపురంలో ఇంటి ముందు గదిలో కూర్చుని ఊళ్లో కొట్లకు బిల్లింగ్ ప్రోగ్రాములు రాసేవాడు. ఒక్కొక్కరే ఇంటర్నెట్ సాఫ్ట్‌వేర్లకు మారిపోగా, చివరికి ఒకే ఒక్క కొట్టు మిగిలింది. వన్‌టౌన్‌లో వెంకటకృష్ణారావు గారి టోకు చీరల కొట్టు. అదీ పోతే ప్రోగ్రాములు రాస్తానని చెప్పుకోవడానికి కూడా ఏమీ ఉండదని ఆయన బెంగ.

టోకు కొట్లో బిల్లు ఒక్క పట్టున తెమలదు. వ్యాపారి సగం బిల్లు రాయించి, ఇంకో రకం చూడ్డానికి మేడ మీదికి వెళతాడు. ఈలోగా మరొకాయన వస్తాడు. బిల్లుకో విండో చొప్పున తెరిచి, ఏది ఎక్కడుందో వెతుక్కోలేక కంప్యూటర్ మీద బిల్లులు కొట్టే మార్త సతమతమయ్యేది.

"పంతులుగారూ, బ్రౌజర్లో ఉన్నట్టు పైన ట్యాబులు పెట్టండి. లేదంటే మా అల్లుడు చెప్పే కొత్త సాఫ్ట్‌వేర్‌కి పోతామండీ," అన్నారు కృష్ణారావు గారు బావతో.

బావ ప్రోగ్రామంతా విప్పి మళ్లీ కుట్టాడు. ఒక ట్యాబు మూస్తే పక్క బిల్లు చెదరకూడదు. కరెంటు పోయొచ్చినా తెరిచినవన్నీ తెరిచినట్టే ఉండాలి. అన్నీ కుదిరాక, ట్యాబుల మీద బిల్లు నంబర్లు వేసి చూపించాడు.

"నంబర్లు ఎవరికి గుర్తుంటాయండీ? కొనే పార్టీల పేర్లు వేయండి, పెద్దక్షరాల్లో," అన్నారు కృష్ణారావు గారు.

వేశాడు. ఎదురు చెప్పడం ఆయనకు పుట్టుకతోనే చేతకాదు.

ట్యాబులు మొదలుపెట్టిన రోజు నేనూ వెంట వెళ్లాను. ఆ కొట్లో ఒక అలవాటుంది. బిల్లు పూర్తికాగానే మానిటర్ని కొన్నవాడి వైపు తిప్పి, చూసుకోండి అంటారు. మార్త అలాగే చల్లపల్లి నుంచి వచ్చిన వ్యాపారి దుర్గాప్రసాద్ గారి వైపు తిప్పింది. ఆయన తన బిల్లు చూడలేదు, పైన పేర్ల వరుస చూశాడు.

"ఓహో, మా ఎదురు కొట్టాయన కూడా వచ్చాడే! ఆయనకేం రేటు వేశారో, అది నొక్కమ్మా చూద్దాం."

మార్త యజమాని వైపు చూసింది.

"ఒకళ్ల బిల్లు ఇంకొకళ్లకి చూపించకూడదండీ," అన్నారు కృష్ణారావు గారు.

"అంటే నాకే ఎక్కువ వేశారన్నమాట!"

సగం కట్టిన మూటలు అక్కడే వదిలేసి ఆయన వెళ్లిపోయాడు.

"నా కొంప ముంచారు కదండీ పంతులుగారూ!"

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. పేర్లు వేయమన్నదెవరని అడగబోయాను. బావ నా చెయ్యి నొక్కిపట్టాడు.

"పావుగంటలో పేర్లు తీసేస్తానండీ."

"అక్కర్లేదు."

మర్నాడే కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. వారం తిరక్కుండానే ఫోనూ వచ్చింది. పాత బిల్లులు కొత్తదాంట్లోకి ఎక్కించడం ఆ కంపెనీ కుర్రాళ్లకు కుదరడం లేదట, పంతులుగారు ఒకసారి రావాలట. సిగ్గు లేకపోతే సరి! నేనైతే ఫోన్ పెట్టేసేవాణ్ణి. బావ చొక్కా తొడుక్కుని వెళ్లి, సాయంత్రం దాకా కూర్చుని వచ్చాడు.

మా అక్క శాంభవి అన్నం వడ్డిస్తూ ఉండబట్టలేక అడిగింది. "పొమ్మన్నవాళ్ల పని నెత్తినేసుకోవడం ఎందుకండీ?"

"నేను వెళ్లకపోతే ఆ కుర్రాళ్లు తప్పులెక్కిస్తారు. అప్పుడు నా ప్రోగ్రామే తప్పంటారు."

"ఆ ప్రోగ్రాం ఇంకెక్కడుంది బావా?" అన్నాను.

బావ కలిపిన అన్నాన్ని కంచంలో ఓ పక్కకి నెట్టాడు.

"లేదు. పని అయిపోయాక దాన్ని కూడా నన్నే తీసెయ్యమన్నారు. తీసేశాను."