నది చేప తప్ప ముట్టని మావయ్య

మా పెద్ద మావయ్య పోయిన నెల సువర్ణరేఖ ఒడ్డున, హిందీవాళ్ల మధ్య, మాంగో పేటలోని తన ఇంట్లో కన్నుమూశాడు. వయసు మీద పడి పోయాడని డాక్టరు అన్నాడు. అలిగి పోయాడని నా అభిప్రాయం. జువాలజీ డిగ్రీ ఉన్నవాణ్ణి, నా మాటకూ కాస్త విలువివ్వండి.

ఆయన అలక సువర్ణరేఖ మీద కట్టిన డ్యాముల మీద. నా చిన్నప్పుడు తొలకరి వరదకు ఇంకా కొన్ని జెల్ల చేపలు ఎదురీది వచ్చేవి. వంతెన కింద జాలర్లతో బేరమాడి తెచ్చేవాడు. అత్తయ్య పులుసు పెడితే, ముళ్లు తీసి ముందు నా కంచంలో వేసేవాడు. నాకొచ్చిన తెలుగంతా ఆ కంచం దగ్గర నేర్చుకున్నదే. తిట్లు మాత్రం జెల్లలు రావడం మానేశాకే నేర్చుకున్నాను.

నదికి దిగువన గేట్లు, ఎగువన డ్యాము గోడ. ఇక బజారు నిండా ఆంధ్రా నుంచి లారీల్లో వచ్చిన చెరువు చేపలే. వాటికిక్కడ పేరు ‘ఆంధ్రా మఛ్లీ’. మావయ్యకూ వీధిలో ‘ఆంధ్రా దాదా’ అనే పేరు.

“దాదా, ఆప్‌కే గావ్ సే ఆయీ హై!” అని, మీ ఊరి నుంచే వచ్చిందంటూ పిలిచేవాడు చేపలవాడు.

“నానూ అక్కణ్ణించే వచ్చేను. ఐసులో రానేదు,” అని తెలుగులో గొణిగి, వంకాయలు కొనుక్కొచ్చేవాడు. “ఎదురీదనిదానికి రుసేటుంతాదిరా?” అనేవాడు నాతో.

ఒకసారి నా చదువు ప్రదర్శించాను. చేపలు ఎక్కిపోవడానికి డ్యాముకు మెట్లు కట్టొచ్చని చెప్పాను.

“మరి కట్నేదేటి?”

“ఎవరూ అడగలేదేమో మావయ్యా.”

“ఓహో. సేపలు దరకాస్తు ఎట్టుకోవాల కామోసు.”

కుళాయిలో వచ్చేదీ ఆ డ్యాము నీళ్లే. రోజూ వాటితోనే స్నానం చేస్తూ ఆ డ్యామునే తిట్టేవాడు.

పెద్దకర్మ నాడు పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తట్లో పెట్టడం మా ఇళ్లలో ఆనవాయితీ. ఒక్క జెల్ల కోసం నది రెండు ఒడ్లూ తిరిగాను. ఓ జాలరి ఇంట్లో ముసలావిడ నవ్వింది. “నదీ కా మఛ్లీ? బేటా, హమ్ భీ వహీ ఆంధ్రా ఖాతే హై.” నది పక్కన ఉండి వాళ్లూ లారీ చేపే కొనుక్కు తింటున్నారట.

ఖాళీ చేతులతో ఇంటికొచ్చాను.

“ఏ సేపైతే ఏటి వదినా, ఎట్టేద్దుం,” అంది మా అమ్మ.

“బతికినన్నాళ్లూ ముట్నేదు. ఇప్పుడు నోరెత్తలేడు కదాని ఎట్టేత్తామేటి?” అంది అత్తయ్య.

చింతపండు పిసికి, ఎప్పటిలాగే పులుసు కాచింది. ముక్కలు వెయ్యలేదు. విస్తట్లో అన్నం పెట్టి, పక్కన ఆకు దొప్పలో ఆ ఎర్రటి పులుసు పోసింది. చీల్చిన పచ్చిమిరపకాయ ఒకటి అందులో మెల్లగా కదిలి, దొప్ప అంచుకు తగిలి ఆగింది.