డబ్బాలో నెమలి

పటాన్‌చెరులో మా కాలనీ వెనక ఉన్న తుమ్మలూ రేగుపొదలూ నరికి, నేల చదును చేసి పార్కు కట్టారు. అంతకుముందు అక్కడ నెమళ్లు తిరిగేవి, కుందేళ్లు దూకేవి. ఇప్పుడు కత్తిరించిన గడ్డి, దాని చుట్టూ సిమెంటు బాట. పచ్చదనం పెరిగిందని అందరూ సంబరపడుతుంటే నాకు ఒళ్లు మండింది. అయినా పొద్దున్నే అమ్మను తీసుకుని అక్కడికే వెళ్తాను. నడవడానికి వేరే చోటు మిగల్లేదు మరి.

మొన్న స్తంభాలకు స్పీకర్లు బిగించారు. ఇవాళ పక్కనున్న మందుల ఫ్యాక్టరీ వాసన ముక్కుకు కొడుతుండగానే స్పీకర్లోంచి కోయిల కూసింది, తర్వాత నెమలి అరిచింది. అమ్మ ఆగి చుట్టూ చూసింది.

"ఏడున్నది బిడ్డా?"

"అది ఉత్త రికార్డింగ్ అమ్మా, నడువు," అన్నాను విసుగ్గా.

రెండడుగులు వేశామో లేదో, ఫ్యాక్టరీ గోడ అవతలి నుంచి నిజం నెమలి బదులు పలికింది. స్పీకరు మళ్లీ అరిచింది. ఈసారి గోడ అవతలి గొంతు ఇంకా దగ్గరగా వినిపించింది. నడిచేవాళ్లంతా వీడియో కోసం ఫోన్లు తీశారు. నాకు కాలు నిలవలేదు. స్పీకరు ఆపే స్విచ్చి కోసం స్తంభం చుట్టూ తిరిగాను, దొరకలేదు.

అమ్మ ఆ గడ్డినే చూస్తూ నిలబడింది.

"గా డబ్బ మాట నమ్మి అది వస్తే, ఇగ యాడ ఉంటది బిడ్డా?"