బాణం గుర్తు పెట్టిన మడుగు

వాగు చేపలను కాపాడే వాలంటీర్లుగా చేరినప్పుడు మాకు రెండు రోజుల శిక్షణ, తలా ఒక టోపీ ఇచ్చారు. టోపీ మొదటి తడుపుకే రంగు వెలిసింది. శిక్షణ అంతవరకు కూడా ఆగలేదు.

నాది కారేపల్లి. నాతో వచ్చే మిత్రుడిది మధిర. భద్రాచలం అడవి అంచున ఒక వాగును మా ఇద్దరికీ అప్పగించారు. నెలకోసారి వెళ్లి, చిన్న వలతో పట్టి, ఏ రకాలున్నాయో ఫారంలో రాసుకుని, మళ్లీ నీళ్లలో వదలాలి. మా వలకు చిక్కేవి చేపల్లో మరీ అమాయకమైనవి.

ఎండాకాలం వాగంతా ఇసుకే. మాకు తెలిసి ఒక్క మడుగులో మాత్రం నీళ్లు నిలిచేవి. వాగు చేపలన్నీ అందులో తలదాచుకుని, తొలివాన పడగానే గుడ్లు పెట్టడానికి ఎదురెక్కేవి. అందుకే పక్క గూడెం వాళ్లు ఎండల్లో అక్కడ వల వేయరు. ఎవరూ రాసిపెట్టని కట్టుబాటు. రాసిపెట్టకపోవడమే మాకు నచ్చలేదు.

రోడ్డు పక్కన బోర్డు పాతాం. 'రక్షిత మడుగు. చేపలు పట్టరాదు.' కింద బాణం గుర్తు. మాకు వాగును చూపించిన గూడెం తాత దాన్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఏంది బిడ్డా, చేపలున్నయని చాటింపా?"

"బోర్డు లేకుంటే రక్షణ ఎట్లయితది తాతా?" అన్నాడు మధిరవాడు.

"ఇన్నేండ్లు ఎట్లయిందో గట్లనే."

తాతకూ ఒక టోపీ ఇప్పిద్దామని నేను జోకేశాను. నవ్వుకుని, బోర్డు పక్కన ఫొటో దిగి వచ్చేశాం.

పదిహేను రోజులకు తాత ఫోన్ చేశాడు. "జల్దీ రాండ్రి." అంతే.

మేం వెళ్లేసరికి మడుగంతా తెల్లటి పొట్టలు. ఎవరో ఆటోలో వచ్చి, బ్లీచింగ్ పౌడర్ కలిపి, పెద్దవి ఏరుకుని పోయారు.

"దారి గూడ ఎవల్నీ అడగలే," అన్నాడు తాత. "బాణం సూసుకుంటనే వచ్చిన్రు."

అప్పటికి నా దగ్గర జోకులు లేవు. ఫారం ఉంది. తాత ఒక్కో చేపను చేతిలోకి తీసుకుని పేరు చెబుతుంటే నేను రాశాను. పరక, జెల్ల, వాలుగ, బొమ్మిడాయి... ఏడాదిగా మాకు దొరకనివన్నీ ఆ పూట దొరికాయి. కొన్నిటి కడుపు నిండా గుడ్లు. తర్వాత ఆ ఫారం చూసి, రకాలు బాగా పెరిగాయని పైవాళ్లు మమ్మల్ని మెచ్చుకుంటూ మెసేజ్ పెట్టారు. అన్నీ చచ్చినవేనని రాసిన గడి దాకా చదివినట్టు లేరు.

"పైన ఇంకో మడుగుందంట గద తాతా? అదన్నా కాపాడుదాం," అన్నాడు మావాడు ఆ రోజు మడుగు దగ్గరే.

తాత చేతులను ఇసుకతో రుద్దుకుంటున్నాడు. "లేదు బిడ్డా."

సరిగ్గా అప్పుడే ఆయన భార్య ఎగువ నుంచి నిండు బిందెతో దిగి వస్తోంది. మమ్మల్ని చూసి ఆగిపోయింది. బిందె అంచున నీళ్లు తొణికి ఇసుకలో ఇంకాయి.

ఫారంలో ఒక ప్రశ్న మిగిలింది: ఎగువన నీటి మడుగులు ఉన్నాయా?

'లేవు' అని రాసి సంతకం పెట్టాను.