బావగారి ఇంకొక్క పురి

మా బావగారికి తాడు కనబడితే చాలు, దానికి ఇంకొక్క పురి ఎక్కించకుండా ఉండలేరు. మావారి అన్నగారు, పెద్దవారు, పైగా విళ్లు బాగుచేయడమే వృత్తిగా బతికిన మనిషి. నోరెత్తకూడదంటారు. ఎత్తక చస్తానా? బట్టలారేసే తాడుకి పురి ఎక్కించీ ఎక్కించీ బిగదీసి, అందనంత పైకి లేపేశారు. స్టూలెక్కి తువ్వాళ్లు ఆరేసుకుంటున్నాను, మీరే చెప్పండి!

ఒకసారి పెళ్లికి బయల్దేరుతూ తన పైజమా బొందుకే పురి ఎక్కించారు. అది పొట్టిదై, నడుముకి పట్టేసి, కూర్చోలేక విందంతా నిలబడే కానిచ్చారు. "కత్తెర పట్టుకుని వెనకాలే తిరిగానే" అని మా తోటికోడలు అక్కయ్య ఇప్పటికీ చెబుతుంది.

ఇవన్నీ సహించాను. మావారి విల్లు దగ్గర మాత్రం నా ఓపిక తెగింది.

మావారు పోయి ఏడాది కావస్తోంది. కొనలు ముందుకి ఒంపు తిరిగిన ఆయన పాతకాలపు చెక్క విల్లు ముందుగదిలో గోడకి ఉండిపోయింది. ఆయన పోయాక దాని అల్లెతాడూ తెగిపోయింది. పనినుంచి రాగానే పెరట్లో గడ్డిమోపు మీదికి బాణాలు వేసి, ముంజేతి మీద ఎర్రని చారతో టీ కోసం వంటింట్లోకి వచ్చేవారు. ఇప్పుడా గోడకేసి చూడకుండా గది ఊడ్వడం నా వల్ల కావడం లేదు. మైదానంలో బాణాలు వేయడం నేర్పే మాస్టారు అడిగితే ఇచ్చేస్తానన్నాను.

"తాడు లేని విల్లు ఇస్తే నా పరువేం కాను? నేను వేసిస్తాను" అన్నారు బావగారు.

అంతే, నా ప్రాణానికొచ్చింది.

"ఇందులో ఏముందమ్మా? విల్లు పొడుగు దాని మీదే రాసుంది. అందులోంచి నాలుగంగుళాలు తీసేస్తే తాడు పొడుగు. ఎక్కించాక పిడికీ తాడుకీ మధ్య జానెడుకి కాస్త తక్కువగా ఎడం ఉండాలి. తేడా వస్తే పురి తిప్పి సరిచేసుకోవడమే. ఒక్క పూట పని" అన్నారు మాస్టారు.

బావగారు సరిగ్గా ఆ లెక్కకే మొదటి తాడు పేనారు. పెరట్లో ఒక బాణం వేసి మొహం చిట్లించారు.

"మోత మెత్తగా ఉంది."

"చప్పుడు లేకపోతేనే మంచిదట కదండీ?"

"నాకే నేర్పుతున్నావా అమ్మా?" అంటూ తాడు విప్పేశారు.

ఇక రోజూ సాయంత్రం ఇదే భాగోతం. పొయ్యి మీద అన్నం మాడుతున్నా తాడు రెండో కొస నేనే పట్టుకోవాలి. "ఇంకొక్క పురి" అంటారు. మర్నాడు అదే పురి విప్పుతారు. ఆ మర్నాడు తాడే మార్చేస్తారు. మాస్టారు విల్లు సంచీతో వస్తారు, ఖాళీ సంచీతో పోతారు.

"మిగతావాళ్ల విళ్లకీ ఇలాగే నెలలు పడతాయా సార్?" అని ఆయనే అడిగేశారు.

"వాళ్ల విళ్లు వాళ్లవి. ఇది మావాడిది" అన్నారు బావగారు, అదేదో జవాబైనట్టు.

నాకు ఒళ్లు మండిపోయింది. "అక్కయ్యా, మీ ఆయన్ని ఇంట్లో కట్టేసుకోండి!" అన్నాను.

"ఏ తాడుతో కట్టమంటావే? దానికీ పురి ఎక్కిస్తారు."

నిన్న చివరి గడువు పెట్టాను. తాడు కుదిరినా కుదరకున్నా విల్లు ఇచ్చేస్తానని మాస్టారికి కబురంపాను. ఇవాళ సాయంత్రం ఆయనొచ్చి పెరట్లో బావగారితో ఏదో వాదిస్తున్నారు. నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నాను.

'ధంగ్‌మ్' మని మోగింది.

చెయ్యి కడుక్కుని పొయ్యి వెలిగించాను. టీకి నీళ్లు పెట్టాను. పెద్ద కప్పు దించి, పంచదార వేయకుండా పక్కన పెట్టాను. అది మావారి కప్పు. అప్పుడు తెలిసొచ్చింది, ఏం చేస్తున్నానో.

పెరటి గుమ్మంలోకి పరుగెత్తాను. బావగారు ముంజెయ్యి రుద్దుకుంటున్నారు. దాని మీద ఎర్రని చార.

"తాడు పొడుగైపోయింది సార్! ఎడం చాల్లేదు, అందుకే ఆ మోత, చేతికి ఆ దెబ్బ. ఇంత అనుభవం ఉన్న మీరు..." అంటున్నారు మాస్టారు.

"తెలుసండీ. కొలత ప్రకారం వేసుకోరా అని ఎంత మొత్తుకున్నా మావాడు వినేవాడు కాదు. ఎంత తప్పుగా వేసుకునేవాడో అంత తప్పూ దొరకడానికి ఇన్నాళ్లు పట్టింది" అని బావగారు నావైపు తిరిగారు. "ఆమధ్య నువ్వే అన్నావుగా అమ్మా, సాయంత్రాలు ఇల్లు మూగబోయిందని."

"ఆ మాట ముందే చెబితే మీ సొమ్మేం పోయింది?" అని అరిచాను.

"చెబితే చెవులు రిక్కించుకుని కూర్చుంటావు. అప్పుడు ఏ మోతైనా అదేననిపిస్తుంది. నువ్వు టీ పెడితేగానీ నాకు నమ్మకం లేదు."

"మాస్టారూ, ఏమనుకోకండి. విల్లు ఇవ్వలేను" అన్నాను.

ఆయన ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకున్నారు. "పోనీ, ఆ టీ అయినా ఇస్తారా?"

ఇచ్చాను. పెద్ద కప్పు బావగారికి. పంచదార లేదని మొహం చిట్లించారు, తాగారు. రేపట్నించి రోజూ వచ్చి ఒక బాణం వేసి పోతారట.

రానివ్వండి. కానీ ఆ బట్టల తాడు పురి కాస్త విప్పమంటే మాత్రం, "దాని కొలత సరిగ్గానే ఉందమ్మా" అంటున్నారు. స్టూలెక్కేది ఆయనా, నేనా?