మన పిల్లల కోసం భయపడిన మనిషి

పాపారావు మాస్టారు పోయారు. దిల్‌సుఖ్‌నగర్‌లో తాను ఫిజిక్స్ చెప్పే కోచింగ్ సెంటర్ నాలుగో అంతస్తులో, పాఠం మధ్యలో బల్ల పట్టుకుని కూలబడిపోయారు. లిఫ్టులో స్ట్రెచర్ పట్టలేదు. ముందు మెట్ల నిండా తర్వాతి బ్యాచ్ పిల్లలు. వెనక మెట్ల మీదుగా దించారు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. నా మనవరాలు శ్రావ్య ఆ తరగతిలోనే ఉంది. ఫోన్లో "తాతా, సార్..." అని ఆగిపోయింది.

తెనాలి వైపు నుంచి వచ్చి కొత్తపేటలో మా పక్క వాటాలో స్థిరపడ్డ మనిషి. ఆయనంత భయస్తుణ్ణి నేను చూడలేదు. సినిమాకి వెళ్తే బయటికి పోయే తలుపు ఎక్కడుందో చూసుకున్నాకే కూర్చునేవారు. మా ఆవిడ "మాస్టారూ, మీ నీడను జూసి మీరే జడుసుకునేటట్టున్నరు" అని ఆటపట్టిస్తే, "నీడ పొగ వదలదు కదమ్మా" అనేవారు.

కొత్త బ్యాచ్‌కి మొదటి రోజు ఆయన పుస్తకం తెరిచేవారు కారు. వెనక మెట్ల మీద లైట్లు ఆర్పించి, గోడ తడుముకుంటూ అందరినీ కిందికి దింపేవారు. మంటకంటే ముందు పొగ మెట్లెక్కుతుందని చెప్పేవారు. ఓ కుర్రాడు అడిగాడట: "సార్, గిది ఎంట్రెన్స్‌ల ఒస్తదా?"

"రాదు నాయనా. వచ్చిన రోజు జవాబు రాసే టైముండదు."

పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు.

సెంటర్ యజమాని యాదగిరి చెడ్డవాడని నేననను. కిరాయిలు మండిపోయే చోట, పుస్తకాల పెట్టెలకు వేరే గది ఇవ్వలేక వెనక మెట్ల మీద పేర్పించేవాడు. మాస్టారు అందరికంటే ముందు వెళ్లి తీయించేవారు. మనిషి దొరక్కపోతే తనే మోసేవారు. ఓసారి నేనక్కడే ఉన్నాను.

"సార్, మీకు గింత భయమైతే ఎట్ల? పిల్లలు పరేషానైతున్రు."

"మీరూ కాస్త భయపడండి యాదగిరిగారూ. నా ఒక్కడి భయం సరిపోవట్లేదు."

"పెట్టెలు నేను తీపిస్త గదా!"

"ఎప్పుడు?"

"జర ఆగుండ్రి. రేపో ఎల్లుండో."

మాస్టారు ఓ పెట్టె ఎత్తుకున్నారు.

ఆయన్ని వీరుణ్ణి చేస్తే ఆయనే ఒప్పుకోరు. ఒకప్పుడు ఫైర్ తనిఖీకి అధికారి వస్తే, నాలుగో అంతస్తులో క్లాసులే లేవు, అది పుస్తకాల గోదామని యాదగిరి చెప్పాడు. ఆ రోజు పిల్లలకు సెలవిచ్చేశారు. మాస్టారు పక్కనే ఉండి కూడా నోరు విప్పలేదు. సాయంత్రం మా ఇంట్లో కాఫీ గ్లాసు పక్కన పెట్టేసి, "ఉద్యోగం పోతుందని భయపడ్డానండీ. పడాల్సిన భయం అది కాదు" అన్నారు. పెట్టెలు మోయడం ఆ మర్నాడే మొదలైంది.

ఎల్బీనగర్‌లో ఓ ఫంక్షన్ హాల్లో సంతాప సభ పెట్టారు. యాదగిరి నిజంగానే ఏడ్చాడు. ఫిజిక్స్ చెప్పేవారు మళ్లీ దొరుకుతారు, కన్నవాళ్లకు కూడా తట్టని భయాన్ని వాళ్ల పిల్లల కోసం పడే మనిషి దొరకడని నేనన్నాను. ఆ మాటకు ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను.

ఇంటికొచ్చాక శ్రావ్య అంది: "తాతా, వెనక మెట్ల మీద మళ్ల పెట్టెలు పెట్టిన్రు."

మర్నాడు వెళ్లి, పెట్టెల మధ్య పక్కకు తిరిగి దూరుతూ కిందిదాకా దిగాను. కింద తలుపుకి తాళం వేసి ఉంది.

"దొంగలొస్తున్రని యాదగిరి సార్ ఏపిచ్చిండు" అన్నాడు వాచ్‌మన్. తాళంచెవి అడిగితే, "నాకియ్యలె" అన్నాడు. వెళ్లి యాదగిరినే అడిగితే, నాకు కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, "కొత్త లెక్చరర్ రానియ్యుండ్రి, చూద్దాం" అన్నాడు.

శ్రావ్యను ఇంట్లో ఆపేశాను. మిగతా పిల్లలు ఇవాళ పొద్దున కూడా నాలుగో అంతస్తుకి ఎక్కారు. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో ఇది రాసే సమయానికి నాకెవరూ చెప్పలేదు.