ఇసుక తియ్యకుండా కడిగే సెంగమలం

సెంగమలం ఇరవై రెండేళ్లు ఇసుక మోసింది. ముత్తియాల్‌పేటలో పుట్టి అక్కడే కాపురం పెట్టిన మనిషి. పుదుచ్చేరిలో కొత్తగా లేచిన మేడల్లో సగానికి తన తట్ట ఇసుక తగిలిందని చెప్పుకునేది. లారీ దించిన ఇసుకను జల్లించడం, సిమెంటులో కలపడం, మేస్త్రికి అందించడం, ఇదే పని. యాభై దాటాక కుడి మోకాలు వాచింది. నిచ్చెన మీద సగం దూరం ఎక్కి, పైకీ పోలేక కిందికీ రాలేక ఒక రోజు పావుగంట నిలబడిపోయింది. ప్లంబరు పనికి పోయే ఆమె భర్త ముని ఆ సాయంత్రమే, "చాల్లే, ఇంక ఆ పనికి పోవద్దు" అన్నాడు. నెల తిరక్కుండా నెల్లితోపులో ఒక పళ్ల డాక్టరు దగ్గర ఊడ్చి తుడిచే పనికి కుదిరింది.

డాక్టరు పేరు అర్చిత. ముప్ఫై అయిదేళ్లుంటాయి. వాళ్లది బజారులో తాతల నాటి నుంచి బట్టల కొట్టున్న తెలుగు కుటుంబం. సెంగమలం చేరిన మొదటి వారంలోనే ఫోనులో మునితో, "ఏంది, ఇంకా తినలేదా? యాడుండావు?" అంటుంటే అర్చిత లోపలి నుంచి వచ్చి నిలబడింది.

"మీరు తెలుగా?"

"ఇంట్లో తెలుగే డాక్టరమ్మా. చదవను రాదు. మాట్లాడేదంతే."

"నాకూ చదవను రాదు" అని అర్చిత నవ్వింది. ఆ రోజు నుంచి సెంగమలాన్ని అక్కా అని పిలవడం మొదలుపెట్టింది.

ఆస్పత్రి ముందు గదిలో నాలుగడుగుల చేపల తొట్టి ఉండేది. ఆస్పత్రి తెరిచిన రోజు అర్చిత నాన్న రాఘవన్ కొనిచ్చాడు. అందులో ఆఫ్రికా సరస్సుల నుంచి వచ్చిన జాతి చేపలు, సిక్లిడ్‌లంటారు. పసుపుపచ్చవి కొన్ని, నీలం చారలవి కొన్ని. అడుగున తెల్లటి సన్న ఇసుక, ఎడమ మూల రాళ్ల గుట్ట. ఈ చేపలకు ఇసుకంటే ప్రాణం. నోటితో తీసి పుక్కిలించి ఉమ్ముతాయి, గుంటలు తవ్వుతాయి, ఒకదాని గుంటలోకి ఇంకొకటి వస్తే తరుముతాయి. పన్ను నొప్పితో కూర్చున్నవాళ్లకు కాసేపు నొప్పి మరిచిపోవడానికి అది బాగా పనికొచ్చేది.

చిక్కల్లా ఆ ఇసుకతోనే. చేపల పెంట, తినకుండా వదిలేసిన మేత, రెండూ తెల్లటి ఇసుక మీద నల్లగా కనిపించేవి. చేపల అంగడి నుంచి శిలంబరసన్ అనే అతను నెలకొకసారి వచ్చేవాడు. నీళ్లన్నీ తోడేసి, ఇసుకంతా బకెట్లలోకి ఎత్తి, కుళాయి కింద పెట్టి, నీళ్లు తేటపడేదాకా పిసికి కడిగి మళ్లీ పరిచేవాడు. రెండు రోజులు తొట్టి అద్దంలా మెరిసేది. మూడో రోజుకు నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడేవి. వారం లోపల రెండో మూడో చేపలు వెల్లకిలా తేలేవి. శిలంబరసన్ కొత్త చేపలు తెచ్చి వేసేవాడు. వచ్చిన రోగుల కంట పడకుండా చచ్చిన చేపల్ని తీసి పారెయ్యడం సెంగమలం పని.

ఒక రోజు అలా తియ్యడం ఆలస్యమైంది. పళ్ల సెట్టు కోసం వచ్చిన ఒక ముసలాయన తేలిన చేపను చూసి, "చేపల్నే చూసుకోలేరు, నా నోరేం చూస్తారు?" అని గట్టిగా అన్నాడు. గదిలో నలుగురు నవ్వారు. మధ్యాహ్నం అర్చిత సెంగమలాన్ని పిలిచింది.

"అక్కా, ఈ తొట్టి తీసేస్తున్నా. శుభ్రం చేస్తే చేపలు చస్తున్నాయి, చెయ్యకపోతే చూడలేకపోతున్నాం. నాన్నకు పగిలిపోయిందని చెప్తా."

సెంగమలం తుడుపుగుడ్డ పిండి బకెట్ అంచున వేసింది. తర్వాత అంది, "ఆ తమ్ముడు ఇసకంతా తీసి కడగతాడు గదా, అది నాకు మొదట్నించి సరిగా తోచలేదు డాక్టరమ్మా. గలీజుగా ఉండేది ఇసక కాదు. గలీజు ఇసక మింద కూర్చోనుంటాది. ఇసక బరువు, అది తేలిక. తేలికైనదాన్ని లేపి తీస్తే పాయె, ఇసకను ఎందుకు కదిలించేది?"

"మీకెట్ల తెలుసు?"

"సైటుకు లోడు వస్తే గాజు గ్లాసులో ఇసకేసి నీళ్లు పోసి కలిపి చూస్తాము. ఇసక గబుక్కని అడుక్కి పోతాది. మట్టి పైన పొరగా నిలస్తాది. ఆ పొర లావుగా ఉంటే ఇసక మంచిది కాదని లోడు వాపసు పంపేస్తాము. ఎన్నేళ్లు చూడలేదు నేను? నాకు నాలుగు వారాలియ్యండి. కాకపోతే తీసేద్దురు."

అర్చిత సరేనంది. పెద్ద నమ్మకంతో కాదు; తీసే పని నాలుగు వారాలు ఆగితే వచ్చే నష్టం లేదు కాబట్టి.

మరుసటి రోజు సెంగమలం ఇంటి నుంచి లెవెల్ ట్యూబు ముక్క తెచ్చింది. కట్టడాల్లో రెండు గోడల మట్టం సరిచూడడానికి నీళ్లు నింపి పట్టుకునే సన్నటి ప్లాస్టిక్ గొట్టం అది. ఒక కొస నీళ్లలో పెట్టి రెండో కొస నోటితో పీల్చి వదిలితే నీళ్లు వాటంతటవే కిందికి దిగుతాయి. ఆ కిటుకు ఆమెకు ఇరవై ఏళ్ల నాటిది. చిన్న నీళ్ల సీసా అడుగు కోసేసి, సీసా మూతిలో గొట్టం బిగించింది. తెరిచి ఉన్న పక్క తొట్టిలోకి, గొట్టం రెండో కొస బకెట్‌లోకి.

మొదటిసారి సీసాను ఇసుకలోకి గుచ్చింది. అర బకెట్ ఇసుక గొట్టం వెంట వచ్చేసింది. ఆ ఇసుకను తొట్టి నీళ్లతోనే జాడించి మళ్లీ వేసింది. రెండోసారి సీసాను ఇసుకకు ఒక వేలెడు పైన ఆపి, ఎడమ చేత్తో ఇసుక మీద సుడి తిప్పినట్టు నీళ్లను మెల్లగా కదిపింది. పెంట పొగలా లేచి సీసాలోకి పోయింది. లేచిన నాలుగు ఇసుక రేణువులు సీసాలో కొంతదూరం పైకొచ్చి మళ్లీ కిందికి రాలాయి. ఇసుక మరీ పైకొస్తుంటే గొట్టాన్ని వేళ్లతో నొక్కేది, వదిలేది. రెండు బకెట్లు నిండగానే ఆపేసింది. తొట్టి నీళ్లలో పోయింది పావు వంతే.

అర్చిత ఫోనులో చదివి రెండు విషయాలు చెప్పింది. కుళాయి నీళ్లు ఒక రోజు డ్రమ్ములో నిలవ పెడితే వాటిలో కలిపిన క్లోరిన్ మందు ఘాటు పోతుందన్నది ఒకటి. రెండోది సెంగమలాన్ని ఆశ్చర్యపరిచింది. ఇసుకలో కంటికి కనబడని మంచి క్రిములుంటాయి, చేపల మలంలోని విషాన్ని విరిచేసేది అవే, ఇసుకంతా పిసికి కడిగినప్పుడల్లా శిలంబరసన్ వాటిని చంపేస్తున్నాడు.

"మన నోట్లో కూడా అట్లాంటివి ఉంటాయక్కా. అన్ని క్రిములూ చెడ్డవి కాదు."

శిలంబరసన్‌ను ఆ నెల రావద్దన్నారు. అతను వచ్చి తలుపు దగ్గర నిలబడి, ఊడ్చే పని వేరు, చేపల పని వేరు అని తమిళంలో నాలుగు మాటలని వెళ్లాడు. సెంగమలం మేత పిడికెళ్లతో వెయ్యడం మానిపించి, రెండు వేళ్లకు వచ్చినంత చేసింది. రోగులు బిస్కెట్ ముక్కలు వెయ్యకుండా తొట్టి మూతకు తాడు కట్టింది. నాలుగు వారాలు గడిచాయి. ఒక్క చేప కూడా చావలేదు.

రెండు నెలలయ్యాక ఆమె చేత తప్పు జరిగింది.

ఎడమ మూల రాళ్ల గుట్ట కింద ఆమె గొట్టం ఎప్పుడూ పోలేదు. అక్కడ ఇసుక నాలుగు వేళ్ల లోతు. పైన తెల్లగానే ఉంది గానీ అద్దం పక్క నుంచి చూస్తే లోపల బూడిదరంగు చార కనిపించేది. ఒక శనివారం ఎనిమిది గంటలకే వచ్చి, ఈ మూల కూడా అయిపోతే నిశ్చింత అనుకుని, రెండు రాళ్లు తీసి పక్కన పెట్టి, మోచేతి దాకా చెయ్యి పెట్టి ఇసుకంతా కలియబెట్టింది. నల్లటి బురద గుప్పున లేచింది. కుళ్లిన గుడ్డు కంపు. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి మింగసాగాయి. అర్చిత వచ్చేసరికి రెండు చచ్చిపోయాయి. అందులో ఒకటి పెద్ద నీలం చేప. సెంగమలం చీపురు ఎటు పోతే అద్దం వెంట అటు వచ్చేది అదే.

తొట్టికి గాలి ఎక్కించే మోటారు ఆగిపోయిందని అబద్ధం చెప్పవచ్చు. ఆ మాట ఆమెకు తోచింది కూడా. కానీ డాక్టరు స్కూటరు ఆపేలోపే గేటు దాకా ఎదురెళ్లింది.

"డాక్టరమ్మా, నేనే సంపినాను. కింద ఎప్పుడూ చెయ్యి పెట్టని ఇసకను ఒకేసారి కలబెట్టేసినాను. ముందు వచ్చి చూడండి, మిగతావి కూడా పోయేట్టుండాయి."

అర్చిత హ్యాండ్‌బ్యాగు కుర్చీలో పడేసి చేతులు పైకి మడిచింది. ఇద్దరూ కలిసి సగం నీళ్లు తీసి, డ్రమ్ములో నిలవున్న నీళ్లు పోశారు. బయట ముగ్గురు రోగులు ఇరవై నిమిషాలు కూర్చున్నారు. పది చేపలు బతికాయి.

మధ్యాహ్నం అర్చిత ఆమెను లోపలి గదికి పిలిచింది. ఇంక పనిలోకి రావద్దంటుందనుకుంది సెంగమలం. అర్చిత బల్ల మీది ప్లాస్టిక్ పళ్ల బొమ్మను తీసి చిగురు మీద వేలు పెట్టింది.

"ఇక్కడ చూడండక్కా. పైన పన్ను తెల్లగానే ఉంటుంది. గార చిగురు కింద పేరుకుంటుంది. అంత లోతుగా ఉంటే ఒకే రోజు నోరంతా గీకం. నోటిని నాలుగు భాగాలు చేసుకుంటాం. ఒక భాగం చేసి పంపిస్తాం. అది మానినాక ఇంకొకటి. తొట్టికీ అట్లే చేద్దామా?"

కట్టడం పనిలో తప్పు చేస్తే కేకలు పడేవి, లేకపోతే మరుసటి రోజు రావద్దనేవాళ్లు. కూర్చోబెట్టి ఎందుకు తప్పయిందో చెప్పినవాళ్లు లేరు. సెంగమలం తల ఊపింది. నీలం చేప లేని అద్దం పక్కన ఊడవడం మాత్రం చాలా రోజులు ఆమెకు కష్టంగానే ఉండింది.

ఆమె తొట్టి బయట అద్దానికి గాయాలకు వేసే ప్లాస్టరు ముక్కలు అంటించింది. మొదటి భాగానికి ఒకటి, రెండోదానికి రెండు, అలా నాలుగు దాకా. పైపైన పెంట తీసేది ప్రతి వారం తొట్టి అంతటా. లోపలి ఇసుకను పుల్లతో కదిపేది మాత్రం వారానికి ఒక భాగమే, అదీ వేలు గోరు మునిగేంత లోతే. ప్రతిసారీ నాలుగు గుప్పెళ్ల ఇసుక తీసేస్తూ వచ్చింది. మూడు నెలలకు ఇసుక రెండు వేళ్ల లోతుకు దిగింది. బూడిదరంగు చార పోయింది. రాళ్ల గుట్టను కూడా మార్చింది.

"రాళ్లు ఇసక మింద పెట్టుండారు. ఈ చేపలేమో కింద తవ్వతానే ఉంటాయి. ఒకరోజు గుట్ట జారి అద్దం మింద పడతాది. పునాది అడుగునుండాల" అని చెప్పి, అడుగు అద్దం మీద ప్లాస్టిక్ పలక వేసి, దాని మీద రాళ్లు నిలబెట్టి, చుట్టూ ఇసుక పోసింది.

వానాకాలంలో ఒక పసుపుపచ్చ చేప మేత మానేసింది. దవడ కింద ఉబ్బింది. సెంగమలం భయపడి డాక్టరును పిలిచింది. అర్చిత చిన్న టార్చిలైటు పెట్టి చాలాసేపు చూసి, "చీము పట్టినట్టుంది" అంది. ఇద్దరూ రెండు రోజులు దిగులు పడ్డారు. మూడో రోజు చేప నోరు కొంచెం తెరిచినప్పుడు లోపల గుడ్లు కనిపించాయి. ఈ జాతిలో తల్లి గుడ్లను నోట్లోనే పెట్టుకుని పొదుగుతుందని అర్చిత ఫోనులో చదివి వినిపించింది. దవడ చూసి రోగమో గుడ్లో తెలుసుకోలేకపోయానని ఆ వారమంతా వచ్చిన వాళ్లందరికీ చెప్పి నవ్వింది. మూడు వారాలకు బియ్యపు గింజంత పిల్లలు పద్నాలుగు బయటికి వచ్చాయి. పెద్ద చేపలు కొన్నింటిని తినేశాయి. సెంగమలం ఆరింటిని చిన్న గిన్నెతో తీసి వేరే తొట్టిలో పెంచింది.

శిలంబరసన్ ఆ పిల్లల మాట విని వచ్చాడు. ఈసారి తలుపు దగ్గర ఆగలేదు. తొట్టి ముందు మోకాళ్ల మీద కూర్చుని పక్క నుంచి, కింద నుంచి ఇసుకను చూశాడు. కడిగే పద్ధతి అంగడి ఓనరు చెప్పిందేనని, తనకు ఎవరూ నేర్పలేదని అన్నాడు. చూపించమని అడిగాడు. సెంగమలం సీసాను అతని చేతికిచ్చి, అతని మణికట్టు పట్టుకుని ఇసుకకు ఎంత ఎత్తులో ఆపాలో చూపించింది. మొదటిసారి అతను కూడా అర బకెట్ ఇసుక లాగేశాడు.

తర్వాత అతనే ఆమెను రెండు మూడు చోట్లకు పంపించాడు. ఒర్లియంపేటలో ఒక లాడ్జిలో మూడు నెలలు చేసి మానేసింది. దిగినవాళ్లు పూరీ ముక్కలు వేస్తుంటే మూత పెట్టించమని మేనేజరు గుణశేఖర్‌ను ఎన్నిసార్లు అడిగినా వినలేదు. "మూత లేకపోతే నేను రాను సార్. వారానికొకసారి నేను తీసేది, రోజూ వాళ్లేసేది, ఎట్ల కుదిరేది?" అని చెప్పి గొట్టం చుట్టుకుని వచ్చేసింది. కంటి డాక్టరు ఒకాయన, ఇంట్లో చేపలు పెంచే బ్యాంకు ఉద్యోగి ఒకామె మాత్రం ఆమె చెప్పినట్టే వింటారు. ఆదివారం ఆ రెండు ఇళ్లకూ పోయి వస్తుంది.

ఇప్పుడు ఆమెకు యాభై ఆరేళ్లు. ఎడమ మోకాలు కూడా వాస్తోంది. అర్చిత తొట్టి పక్కన ఎత్తు స్టూలు వేయించింది. శనివారం ఉదయం ఆమె దాని మీద కూర్చుని, చెయ్యి నీళ్లలో పెట్టి, గొట్టాన్ని నొక్కుతూ వదులుతూ ఉంటుంది. తొందరగా వచ్చిన రోగులు చుట్టూ నిలబడి ఏదో ఒకటి అడుగుతారు. గొట్టం మీంచి కళ్లు తిప్పకుండా అందరికీ బదులు చెబుతుంది.